పదీ పన్నెండు గది, పైన స్లాబు: ఒంగోలు శివారు ఇంటికి వేడి తగ్గించిన పని

ఇల్లు ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. మొత్తం 200 చదరపు అడుగులు. ఉత్తర దక్షిణాలుగా 12 అడుగులు, తూర్పు పడమరలుగా 10 అడుగులు ఉన్న స్లాబు గది ఒకటి, దానికి ఉత్తరాన ఆనించి 10 × 8 అడుగుల సిమెంటు రేకుల వంటగది. గోడలు 9 అంగుళాల ఇటుకవి. స్లాబు నాలుగున్నర అంగుళాలు, దాని మీద ఎప్పుడో పోసిన రెండంగుళాల గచ్చు. తలుపు తూర్పుకి, 3 × 4 అడుగుల అద్దాల కిటికీ పడమటికి. ఉండేది ముగ్గురు.

ఎండాకాలం వస్తే రాత్రి పదకొండు దాటినా గదిలో పడుకోలేరు, మంచాలు వాకిట్లోకి వస్తాయి. ఫ్యాను వేస్తే అది పైనున్న వేడిని కిందికి దింపుతుంది. ఇంటివాళ్ళు మొదట అడిగింది ఏసీ గురించే. ఒకటిన్నర టన్నుది పెట్టిస్తే సరిపోద్దా అని. ఏసీ ఎంతదో తేలాలంటే ముందు గదిలోకి ఎంత వేడి వస్తోందో, ఎటునుంచి వస్తోందో తేలాలి. పని అక్కణ్ణుంచి మొదలైంది.

వేడి ఎటునుంచి?

ఒంగోలు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పట్నుంచి ఆగస్టు రెండో వారం దాకా నడినెత్తికి కాస్త ఉత్తరంగానే నడుస్తాడు. అంటే రోహిణి కార్తెలో దక్షిణ గోడకి మధ్యాహ్నం ఎండ తగలదు. దక్షిణం గోడకి ఏదో ఒకటి చేయించాలని చాలామంది ఆత్రపడతారు గానీ, ఆ గోడ మీద ఎండ పడేది చలికాలంలో. అప్పుడది హాయిగానే ఉంటుంది. ఎండాకాలం దెబ్బ పడేది పైకప్పు మీద, ఆ తర్వాత పడమటి గోడ మీద. ఈ ఇంట్లో ఉత్తర గోడకి వంటగది అడ్డం ఉంది కాబట్టి దాని సంగతి వదిలేశాం.

పైకప్పు లెక్క ఇదీ. బయట నీడలో 42 డిగ్రీలు, ఎండ చదరపు మీటరుకు 900 వాట్లు, నల్లబడిన పాత గచ్చు అందులో ముప్పావు వంతు పీల్చుకుంటుంది అనుకుంటే, పైపొర 70 డిగ్రీల దగ్గరికి పోతుంది. గచ్చు, స్లాబు, అడుగు ప్లాస్టరింగు, పైనా కిందా ఆనుకుని ఉండే గాలి పొరలు అన్నీ కలిపితే యూ విలువ 2.7 వచ్చింది. అంటే పైకీ కిందికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు 2.7 వాట్ల వేడి దిగుతుంది. గదిలో 35 డిగ్రీలు ఉన్నాయనుకుంటే తేడా 35. కప్పు 11 చదరపు మీటర్ల పైచిలుకు. గుణిస్తే సుమారు 1,050 వాట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెని ఆపకుండా వేసి సీలింగుకి తగిలించినట్టు.

అదే స్లాబు మీద 50 మిల్లీమీటర్ల గట్టి నురుగు ప్లాస్టిక్ పలక, అంటే ఎక్స్‌పీఎస్ బోర్డు పరిచి, పైన తెల్ల టైలు ముక్కలు వేస్తే యూ విలువ అరకి దిగుతుంది. తెలుపు వల్ల పైపొర వేడి కూడా 50 చిల్లరకి పడుతుంది. అప్పుడు గదిలోకి దిగేది వంద వాట్ల లోపు. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో ఇళ్ళ పైకప్పుకి యూ విలువ 1.2 దాటకూడదని ఉంది. ఆ నిబంధన పెద్ద స్థలాల్లో కట్టే ఇళ్ళకి వచ్చిందే అయినా, చిన్నింటికి కొలబద్దగా పనికొస్తుంది. ఇక్కడి పాత కప్పు ఆ హద్దుకి రెట్టింపు పైన ఉంది.

ఇవన్నీ ఎండ నిలకడగా కాస్తోంది అనుకుని వేసిన లెక్కలు. నిజానికి స్లాబు వేడిని మూడు నాలుగు గంటలు తనలో దాచుకుని నింపాదిగా వదులుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ సాయంత్రం ఆరింటికి మంచం మీదికి దిగేది అందుకే. దిగే వేళ మారినా, పాత కప్పుకీ కొత్త కప్పుకీ ఉన్న పదింతల తేడా పెద్దగా మారదు.

బోర్డు పైన వేయాలా, కింద వేయాలా

"ఇంత రాద్ధాంతం ఎందుకు, లోపల సీలింగుకి థర్మోకోల్ అంటిస్తే సగం ఖర్చులో అయిపోద్ది గదా?" అని ఇంటాయన అడిగాడు. అడగాల్సిన మాటే. లోపల అంటించినా వేడి తగ్గుతుంది, కాదనలేం. కానీ స్లాబు మాత్రం ఎప్పట్లా 60, 70 డిగ్రీలకి కాగుతూ, రాత్రికి చల్లారుతూ, రోజూ సాగి ముడుచుకుంటూనే ఉంటుంది. పిట్టగోడ మొదట్లో వచ్చే చీలిక ఈ సాగుడు వల్లే. ఆ చీలికలోంచి దిగిన నీరు థర్మోకోల్ వెనక ఎక్కడ కారుతోందో కనపడదు, కనపడేసరికి కమ్మీ తుప్పు పట్టి ఉంటుంది. పైగా థర్మోకోల్ 80 డిగ్రీల పైన మెత్తబడుతుంది, అంటుకుంటే నల్లటి పొగ కక్కుతుంది. ఒక్క గది ఇంట్లో, పక్కనే గ్యాసు పొయ్యి ఉన్నచోట దాన్ని నెత్తి మీద పెట్టుకోవడం మంచిది కాదు. పైన వేరేవాళ్ళ వాటా ఉండి మేడ మీద పని చేయలేని ఇళ్ళకి మాత్రమే లోపలి సీలింగు మేం ఒప్పుకుంటాం. అప్పుడు కూడా థర్మోకోల్ కాదు, రాతిని కరిగించి దూదిలా తీసిన రాక్‌వూల్.

మెరిసే రేకు కాగితం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బుడగల షీటుకి రెండువైపులా మెరుపు రేకు అతికించి అమ్ముతున్నారు. ఆ మెరుపు పనిచేయాలంటే దాని ముందు కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. స్లాబుకి అంటించేస్తే అది మూడు నాలుగు మిల్లీమీటర్ల పలచటి ప్లాస్టిక్ మాత్రమే, దాని వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఆవిరి విషయంలో చలిదేశాల పద్ధతి ఇక్కడ తలకిందులవుతుంది. అక్కడ ఇంట్లో వెచ్చన, బయట చలి. అందుకని ఆవిరిని ఆపే పొర గది లోపలివైపు వేస్తారు. మన కోస్తాలో ఉక్కపోత బయట, ఏసీ చల్లదనం లోపల. తేమ బయటినుంచి లోపలికి వస్తుంది కాబట్టి అడ్డుపొర బయటివైపే ఉండాలి. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ వేసి, దాని పైన బోర్డు పరిచే పద్ధతిలో ఇది దానంతటదే కుదురుతుంది. వాటర్‌ప్రూఫింగ్ పొర బోర్డు నీడలో ఉంటుంది కాబట్టి ఎండకి పగలకుండా చాలాకాలం నిలుస్తుంది కూడా.

స్లాబు మీద పని

పని ఫిబ్రవరిలో పెట్టుకున్నాం. ఈ జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. స్లాబు పూర్తిగా ఆరడానికి జనవరి కావాలి. ఏప్రిల్ దాటితే కాంక్రీటుని తడిగా నిలబెట్టడం కష్టం.

మొదటి రోజంతా పాత గచ్చు సంగతే. కర్రతో అంగుళం అంగుళం కొట్టి చూస్తే సగం మేర డొల్ల శబ్దం వచ్చింది. డొల్ల గచ్చు మీద ఏం వేసినా దాంతోపాటే లేస్తుంది. బ్రేకరు మిషను వాడకుండా ఉలీ సుత్తీతోనే తీయించాం. మిషను అదురుకి నాలుగున్నర అంగుళాల స్లాబులో కొత్త చీలికలు వస్తాయి. దిగిన రబ్బీసు టన్నుకు పైగా తూగుతుంది. ఆ బరువు తీసేయడం కూడా ఈ పనిలో భాగమే, ఎందుకంటే కొత్త పొరలకి చోటివ్వాలి.

బరువు లెక్క: పాత గచ్చు చదరపు మీటరుకు 105 కిలోలు. కొత్తగా వచ్చేవి నీరు తూముకి పారేలా ఏటవాలుగా వేసే వాటం పొర 52, పైకాంక్రీటు 96, టైలు ముక్కలు అంటించే మందుతో కలిపి 20, బోర్డు రెండు కిలోల లోపు. మొత్తం 170. అంటే అదనంగా 65 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే కప్పుకి డిజైనులో చదరపు మీటరుకు 150 కిలోలు వదులుతారు గానీ, ఆ వాటా మనుషులది, కాంక్రీటుకి తినిపించకూడదు. అందుకని స్ట్రక్చరల్ ఇంజినీరు కమ్మీల ఖాళీ, స్లాబు అడుగు చూసి సరేనన్నాకే సామాను దించాం. స్లాబు అడుగున పెచ్చులూడి కమ్మీ కనపడుతున్న ఇంటికి ఈ పద్ధతి వద్దు. అలాంటి కప్పుకి ఎండని వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేసి ఆగిపోవడం మేలు.

చీమకుర్తి చుట్టుపక్కల నల్ల గ్రానైటు ముక్కలు చౌకగా దొరుకుతాయి, మేడ మీద పరుచుకుందామని కొందరికి ఆశ. బరువుకి బరువు, నలుపుకి నలుపు. గుమ్మం ముందు వేసుకోండి, మేడ మీద వద్దు.

చీలికలు మూడు దొరికాయి. ఒక్కోదాన్ని సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతున వీ ఆకారంలో తెరిచి, దుమ్ము ఊది, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాం. తర్వాత 1:4 పాళ్ళలో వాటం పొర. తూము దగ్గర 10 మిల్లీమీటర్లు, ఎదురు చివర 40. పది అడుగులకి 30 మిల్లీమీటర్ల వాటం, అంటే వందకి ఒకటి. దీనికి సిమెంటు రెండు బస్తాల పైన, ఇసుక పదకొండు ఘనపుటడుగులు పట్టాయి. పిట్టగోడ, కప్పు కలిసే మూల గుండ్రంగా తిప్పించాం. మూల నిక్కచ్చిగా ఉంటే వాటర్‌ప్రూఫింగ్ పొర అక్కడ ముందు చిరుగుతుంది.

వాటర్‌ప్రూఫింగ్‌కి రెండు భాగాల పాలిమర్ సిమెంటు పూత. మొదటి కోటు ఉత్తర దక్షిణాలుగా, రెండోది తూర్పు పడమరలుగా. మూలల్లో పూతల మధ్య ఫైబర్ మెష్ పట్టీ. పూత పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కాలి. పైన ఇంకో పది సెంటీమీటర్ల పొరలు వస్తాయి కాబట్టి అడుగు కన్నా తక్కువ ఎక్కిస్తే వాన చినుకు ఎగిరి దాని వెనక్కి దిగుతుంది. పిట్టగోడ కలుపుకుంటే పూత వేసిన మేర 15 చదరపు మీటర్లు. పూత ఆరాక తూము మూసి, నీళ్ళు నింపి 48 గంటలు ఉంచి, లోపల స్లాబు అడుగున తడి మచ్చ లేదని తేల్చుకున్నాం. ఈ పరీక్ష ఎగ్గొట్టి బోర్డు పరిచాక కారుడు బయటపడితే, అంతా పగలగొట్టడం తప్ప దారి లేదు.

బోర్డుల కొలత 1250 × 600 మిల్లీమీటర్లు, మందం 50, అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా మెట్టు కోసినవి. సాంద్రత ఘనపు మీటరుకు 32 నుంచి 35 కిలోలు ఉండాలి. కొట్టులో ఇదే రంగు పూసి పలచటి సరుకు కూడా ఇస్తారు. బోర్డుని తూకం వేయించడమే పరీక్ష. ఈ కొలతలో ఒక్కోటి కిలోంబావు తూగాలి. మొత్తం 16 పట్టాయి, అందులో ఒకటి కోతల్లో పోయింది. ఇటుకల వరసలాగే అతుకులు ఒకదానికొకటి తప్పించి పరిచి, అతుకుల మీద టేపు వేశాం.

బోర్డు పరిచే పూట జాగ్రత్తలన్నీ గాలి, ఎండ, రసాయనం చుట్టూనే తిరుగుతాయి. కిలోంబావు బోర్డు మేడ మీద గాలికి పక్క చేలో పడుతుంది, అందుకని ఇసుక సంచులు దగ్గర పెట్టుకోవాలి. ఎండలో ప్లాస్టిక్ పట్టా కప్పి వదిలేస్తే లోపల వేడి 75 డిగ్రీలు దాటి బోర్డు వంకర తిరుగుతుంది. పరిచిన రోజే పైకాంక్రీటు పడాలి. ఇక కిరోసిన్, పెట్రోలు జాతి ద్రావకాలున్న తారు ప్రైమరు గానీ జిగురు గానీ తగిలితే బోర్డు కరిగి గుంట పడుతుంది. ఈ సంగతి తెలియక మొదట తారు పూసి, అది ఆరకముందే బోర్డు పరిచి పాడుచేసుకున్నవాళ్ళు ఉన్నారు.

బోర్డు మీద చదరపు మీటరుకు 120 గ్రాములు తూగే, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద చికెన్ మెష్, ఆ పైన 40 మిల్లీమీటర్ల కాంక్రీటు. 1:2:4 పాళ్ళలో సిమెంటు మూడు బస్తాలు, ఇసుక 7 ఘనపుటడుగులు, 6 మిల్లీమీటర్ల చిప్స్ 14 ఘనపుటడుగులు. మెష్ బోర్డుకి ఆనకూడదు, కాంక్రీటు మధ్యలో ఉండాలి. బోర్డు మీద పడుకోబెట్టిన మెష్ ఉన్నా లేనట్టే. కప్పుని 4 × 5 అడుగుల ఆరు గళ్ళుగా విడగొట్టి, గడికీ గడికీ మధ్య సెంటీమీటరు సందు వదిలాం. పిట్టగోడ చుట్టూ రెండు సెంటీమీటర్ల సందు. ఈ చుట్టూ సందు చాలామంది మేస్త్రీలకి నచ్చదు, నీళ్ళు దిగుతాయని సిమెంటుతో పూడుస్తారు. పూడిస్తే మేలో సాగిన కాంక్రీటు పిట్టగోడని బయటికి నెడుతుంది. సందులన్నీ సాగే సీలెంటుతోనే నింపాలి.

కాంక్రీటు సాయంత్రం నాలుగు తర్వాత పోసి, మర్నాటి నుంచి ఏడు రోజులు తడి గోనెసంచులు కప్పి ఉంచారు. కింద బోర్డు ఉన్నందువల్ల ఈ కాంక్రీటు వేడి కిందికి పోదు, మామూలు గచ్చు కన్నా త్వరగా కాగి ఆరిపోతుంది. తడపడంలో ఒక్క మధ్యాహ్నం ఏమరితే జుట్టులాంటి చీలికలు వస్తాయి. ఆ తర్వాత తెల్ల గ్లేజు టైలు ముక్కలు, తెల్ల గ్రౌటు. ఇంటివాళ్ళు మేడ మీద వడియాలు, మిరపకాయలు ఎండబోస్తారు కాబట్టి పెయింటు కాకుండా టైలు ముక్కలు ఎంచుకున్నాం. నడకకి పెయింటు రెండేళ్ళు నిలవదు. ముక్క ఏదీ సందు మీదుగా దాటకూడదు.

తూము దగ్గర పొరపాటు

ఈ పద్ధతిలో వాన నీరు రెండు అంతస్తుల్లో పారుతుంది. చాలావరకు టైలు మీదుగా తూముకి చేరుతుంది. సీలెంటు వేసినా కొంత సందుల్లోంచి దిగి, బోర్డు కింద వాటర్‌ప్రూఫింగ్ పూత మీదుగా తూముకి రావాలి. కాబట్టి తూము నోరు పూత మట్టానికి తెరిచి ఉండాలి. మేస్త్రి అలవాటు కొద్దీ తూము చుట్టూ కాంక్రీటు గట్టిగా ఒత్తి, చక్కగా నున్న చేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మొదటి గట్టి వాన పడ్డాక ఎండ కాసినా తూము వైపు రెండు గళ్ళ సందుల్లో తడి ఆరలేదు. కాలితో నొక్కితే సందులోంచి నీటి బుడగ వచ్చింది. బోర్డు కింద నీరు నిలిచి ఉంది. పైన కాంక్రీటు బరువు లేకపోతే బోర్డులు తేలేవి కూడా.

తూము చుట్టూ అడుగు చదరం కోసి తీసి, పూత మట్టం దాకా తెరిచి, చిల్లుల ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టి, చుట్టూ 20 మిల్లీమీటర్ల గులకరాళ్ళు నింపి, మట్టి చేరకుండా జియోటెక్స్‌టైల్ చుట్టి, పైన జాలీ పెట్టాం. నిలిచిన నీరంతా అరగంటలో దిగిపోయింది. ఎక్స్‌పీఎస్ నీరు పీల్చదు కాబట్టి నష్టం లేదు. అదే థర్మోకోల్ అయితే ఆ నీరు తాగి పనికిరాకుండా పోయేది. ఈ పని చేయించేవాళ్ళు తూము ఎలా ఉండాలో బొమ్మ గీసి మేస్త్రికి ముందే ఇవ్వండి. మాటలతో చెబితే సరేనంటాడు, చెయ్యి మాత్రం అలవాటైన పనే చేస్తుంది.

వంటగది రేకులు

సిమెంటు రేకు ఆరు మిల్లీమీటర్లు, దానికి వేడి ఆపే గుణం ఏమీ లేదు. ఎండ పడిన నిమిషాల్లో వేడెక్కుతుంది, ఎండ పోగానే చల్లారుతుంది. రాత్రి వంటగది గది కన్నా చల్లగా ఉండేది అందుకే. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని ఎండుగా గీకడం, మిషనుతో కోయడం, చిల్లులు పెట్టడం చేయకూడదు. ఆ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిపి, మెత్తటి బ్రష్షుతో నాచు తీసి, పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేశారు. మనిషి రేకు మీద కాలు పెట్టకుండా, రేకుల్ని మోసే అడ్డ కమ్మెల (పర్లిన్ల) మీద ఆనేట్టు చెక్క పలక వేసుకుని దాని మీద నడవాలి.

కింద రాక్‌వూల్ 50 మిల్లీమీటర్లు, సాంద్రత ఘనపు మీటరుకు 48 కిలోలు, పైకి చూసే వైపు మెరుపు రేకు. ఏడున్నర చదరపు మీటర్లు పట్టింది. దాన్ని మోసేది జీఐ ఫ్రేము మీద ఆరు మిల్లీమీటర్ల ఫైబర్ సిమెంటు బోర్డు, 8 × 4 అడుగులవి మూడు. రాక్‌వూల్ మంటకి అంటుకోదు, పొయ్యి మీద అది తప్ప ఇంకోటి ఆలోచించలేదు. రేకుకీ రాక్‌వూల్‌కీ మధ్య నాలుగంగుళాల ఖాళీ. కింది చూరు దగ్గర, పై చివర గోడ పక్కన రెండంగుళాల సందు వదిలి, వేడెక్కిన గాలి పైకి పోయేలా చూశాం. రెండు సందులకీ సన్నటి స్టీలు మెష్ కొట్టారు. లేకపోతే ఎలుకకి ఇంతకన్నా మెత్తటి పరుపు దొరకదు. సముద్రం దగ్గర కాబట్టి స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్. మామూలు స్క్రూ ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది, ఆ తర్వాత సీలింగు నెత్తిన పడుతుంది. పొయ్యి పైన గోడకి 9 అంగుళాల ఎగ్జాస్టు ఫ్యాను.

పడమటి గోడ, కిటికీ

కిటికీ మీద 18 అంగుళాల సన్‌షేడ్ ఉంది. మే నెల సాయంత్రం నాలుగింటికి ఇక్కడ సూర్యుడు 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆ కోణానికి సన్‌షేడ్ నీడ కిందికి 13 అంగుళాలే దిగుతుంది. అయిదింటికి ఏడు అంగుళాలు. కిటికీ నాలుగు అడుగులు, అంటే మిగతాదంతా ఎండకే. లోపల గుడ్డ కర్టెన్ కట్టడం వల్ల కళ్ళకి హాయి తప్ప వేడి ఆగదు, అద్దం దాటి వచ్చిన ఎండ అప్పటికే గదిలో ఉంది. బయటే ఆపాలి. కిటికీకి అడుగు దూరంలో వెదురు తడిక, పైన మడతబందులు, గాలివానకి కొట్టుకోకుండా కింద రెండు కొక్కేలు.

గోడ కథ వేరు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ వేడిని ఆరేడు గంటలు మోసి లోపలికి వదులుతుంది. నాలుగింటి ఎండ గదిలోకి వచ్చేసరికి రాత్రి పది, పదకొండు. స్లాబు చల్లబడ్డాక కూడా మంచం గోడ పక్కన ఉంటే వీపుకి సెగ తగిలేది ఇదే. గోడకి బయటివైపు బోర్డు అంటించి మెష్ ప్లాస్టరింగు చేయొచ్చు గానీ, ఈ బడ్జెట్‌లో అది దండగ. తెల్ల వెల్ల వేయించి, గోడకి అడుగు దూరంలో గొట్టాల మీద 75 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టించాం. ఎనిమిది అడుగుల అవతల రెండు గానుగ మొక్కలు పెట్టారు. అవి ఎదిగేదాకా నెట్.

ఏసీ సంగతి

ఇంత చేశాక గది తీరు మారింది, వాడకం కూడా మారాలి. పగలు తొమ్మిది దాటాక కిటికీ, తలుపు మూసి, రాత్రి ఎనిమిది దాటాక తెరవాలి. వడగాలి వీచే మధ్యాహ్నం "గాలి రానీ" అని కిటికీ తెరిస్తే పైన వేసిన బోర్డు వల్ల ఉపయోగమే లేదు. దోమల మెష్ పెట్టించకపోతే రాత్రి ఎవరూ తెరవరు. కాబట్టి మెష్ కూడా ఈ పని సామాను జాబితాలోదే.

కూలరు ఈ ఊళ్ళో సగం రోజులే పనికొస్తుంది. పడమటి గాలి పొడిగా ఉన్నప్పుడు బాగా చల్లబరుస్తుంది. సముద్రం మీంచి గాలి తిరగ్గానే తేమ పెరిగి ఒళ్ళంతా జిడ్డు. ఒక్కోసారి ఒకే రోజు మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి.

ఏసీ పెట్టి గదిని 26 డిగ్రీల దగ్గర ఉంచితే, పాత కప్పు నుంచి నడి ఎండలో 1,300 వాట్లు దిగేవి, ఇప్పుడు 140. టన్ను ఏసీ లాగేది 3,500 వాట్లు, అంటే ముందు కప్పు ఒక్కటే అందులో మూడో వంతు తినేసేది. ఏసీ ఒక వాటు కరెంటుకి మూడున్నర వాట్ల వేడి లాగుతుందనుకుంటే, నడి ఎండలో గంటకు మూడోవంతు యూనిట్టు మిగులు. గోడలు, మనుషులు, కిటికీ సందుల గాలి, టీవీ అన్నీ కలిపినా రెండు వేల వాట్ల చుట్టుపక్కలే. ఒకటిన్నర టన్ను అక్కర్లేదు, ఒక టన్ను ఇన్వర్టరు ఏసీ ధారాళంగా సరిపోతుంది. పెద్ద ఏసీ చిన్న గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగేంత సేపు నడవదు. గది చల్లగానే ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది. 20, 22కి దించితే కిటికీ అద్దానికి బయట నీటి బిందువులు పడతాయి. కోస్తాలో ఎండాకాలం గాలి తేమకి 25, 26 డిగ్రీల వస్తువు మీదే చెమ్మ పట్టేస్తుంది. 26లో పెట్టి, ఫ్యాను రెండులో తిప్పుకోమని చెప్పాం. ఏసీ నడిచేటప్పుడు వంటగది తలుపు మూసి ఉండాలి, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించాం.

మిగిలిన లోపం ఒకటి ఉంది. మేడ మీద 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు మూడడుగుల చదరం ఇటుక దిమ్మె మీద కూర్చుంది. దిమ్మె స్లాబు మీంచే లేచింది, దాని కింద బోర్డు లేదు. సాయంత్రం ఏడింటికి గదిలో ముక్కాలిపీట ఎక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి జరుపుకుంటూ పోతే, చల్లగా ఉన్న చెయ్యికి ఒక్కసారిగా వెచ్చన తగులుతుంది. కళ్ళు మూసుకుని కూడా దిమ్మె అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గీయొచ్చు. దిమ్మె ఇటుక మీద రోజంతా ఎండ పడి, ఆ వేడి నేరుగా దిగుతోంది. ప్రస్తుతానికి దిమ్మె నాలుగు పక్కలా 25 మిల్లీమీటర్ల బోర్డు అంటించి మెష్ ప్లాస్టరింగు చేసి, తెల్ల పెయింటు వేశాం. వెచ్చన తగ్గింది, పోలేదు. ట్యాంకు మార్చేటప్పుడు దిమ్మె తీసేసి, రెండు పక్క గోడల మీద ఆనేలా స్టీలు స్టాండు వేయించాలి.